ఛార్జింగు ఎక్కని లాప్‌టాప్‌తో కోనసీమలో మూడు రోజులు

కోనసీమ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా కర్నూలు వీధిలో అందరూ కొబ్బరిచెట్ల గురించే అడుగుతున్నారు. చెట్లు ఉన్నాయి, చాలానే ఉన్నాయి. నేను మాత్రం ఆ మూడు రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు చూసింది నా లాప్‌టాప్ పక్కన వెలగాల్సిన గోరంత లైటుని.

నా పని వినికిడి యంత్రాలు అమర్చడం. యంత్రం చెవిలో పెట్టేస్తే సరిపోదు. ఏ చెవికి ఎంత వినపడుతుందో దానికి తగ్గట్టు లాప్‌టాప్‌లోంచి సరిచెయ్యాలి. లేకపోతే చెవిలో ఈలలు వేస్తుంది, లేదా తలుపు వేసిన చప్పుడు కూడా పిడుగులా మోగుతుంది. మా సంస్థవాళ్ళు రెండు నెలల కిందట సఖినేటిపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఎనిమిది మందికి పరీక్షలు చేసి, చెవుల అచ్చులు తీసుకొచ్చారు. తయారైన యంత్రాలు వాళ్ళకు పెట్టి రావడానికి నన్ను పంపించారు. వాళ్ళ పరీక్షల ఫలితాలూ, యంత్రాలను సరిచేసే సాఫ్ట్‌వేరూ అన్నీ ఆ ఒక్క లాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

కొత్తపేటలో పొట్టిక్కలు

రాజమండ్రిలో రైలు ఆగేటప్పటికి లాప్‌టాప్ ఇంకా బెర్తు పక్కన ఛార్జింగులోనే ఉంది. రైలు కదిలిపోతుందన్న కంగారులో గోడ దగ్గర వైరు పీకి, రెండో కొస లాప్‌టాప్‌కి గుచ్చి ఉండగానే సంచిలో కుక్కేశాను. రావులపాలెంలో రాజోలు బస్సెక్కి సంచిని పై అరలో పెట్టాను. కొత్తపేట ఇంకా రాకుండానే ఒక స్పీడు బ్రేకరు దగ్గర అది దబ్బున కిందపడింది. ముందు సీట్లో పెద్దాయన దాన్ని ఎత్తి, తువ్వాలుతో దుమ్ము దులిపి, పగిలే సామాను లేదు కదా అని అడిగారు. తెరిచి చూశాను. తెర వెలిగింది. ఏం కాలేదని చెప్పి, ఆ సంగతి అక్కడితో మనసులోంచి తీసేశాను.

కొత్తపేటలో బస్సు పావుగంట ఆగింది. అక్కడ ఒక చిన్న హోటల్లో మొదటిసారి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల్ని పుల్లలతో కుట్టి చిన్న బుట్టలు చేస్తారు. అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు విప్పగానే వచ్చే వాసన ఒక్కటి చాలు, చట్నీ అక్కర్లేదు. మా కర్నూల్లో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని కళ్ళు తుడుచుకునే నాలుకకి అది చాలా మర్యాదగా అనిపించింది. రెండు తిన్నాను. హోటలావిడ నేను అడగకుండానే మూడోది వేసి, దూరం వెళ్ళేవాళ్ళు రెండుతో లేవకూడదన్నారు. ఆ మూడోదానికి డబ్బులు తీసుకోలేదు.

ఆ మర్యాద సంగతి ఇంకొకటి చెప్పాలి. బయట ఇద్దరు ఆటోవాళ్ళు గొడవ పడుతున్నారు. ఒకాయన గొంతు చించుకుని, "బుర్రుండే అడ్డం పెట్టేరాండీ మీరు?" అంటున్నాడు. మా వైపు ప్రేమ ముదిరితే 'నువ్వు'లోకి దిగుతాం. వీళ్ళు తన్నుకునే ముందు కూడా 'అండీ' వదలరు.

సఖినేటిపల్లి దగ్గర ఎనిమిది మంది

రాజోలు లాడ్జిలో ఆ సాయంత్రం అందరి ఫలితాలూ చూసుకునేసరికి బ్యాటరీ పద్దెనిమిది శాతానికి వచ్చింది. ఆపకుండానే, లైటు కూడా చూడకుండా ఛార్జింగు పెట్టి పడుకున్నాను. పొద్దున్నకి లాప్‌టాప్ చచ్చిపోయి ఉంది.

ప్లగ్గు మార్చాను. గది మారి చూశాను. ఛార్జరు పెట్టె మీద పచ్చలైటు చక్కగా వెలుగుతోంది. లాప్‌టాప్ మీద లైటు మాత్రం లేదు. పిన్ను తీసి, ఊది, తిప్పి మళ్ళీ పెట్టాను. లైటు రాలేదు. అయినా తొమ్మిదింటికల్లా రమ్మని అందరికీ కబురు వెళ్ళిపోయింది కాబట్టి ఆటో ఎక్కి ఆ ఊరి బడికి వెళ్ళాను.

ఎనిమిది మందీ అప్పటికే బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. అందరికన్నా ముందు పల్లయ్యగారు, ఆయన పక్కన భార్య ఆదెమ్మగారు. పల్లయ్యగారికి డెబ్భై దాటి ఉంటాయి. పొడుగ్గా, నల్లగా, నిటారుగా ఉన్నారు. నేను నమస్కారం పెట్టి, బాగున్నారా అంటే "ఆయ్" అన్నారు. టిఫిను చేశారా అంటే "ఆయ్" అన్నారు. మీ పేరేమిటి అన్నా "ఆయ్" అన్నారు.

ఈ 'ఆయ్' నా వృత్తికి పెద్ద పరీక్ష. ఇక్కడ 'అవునండీ' అనడానికి అదో మాట. వినపడకపోయినా ఎదుటివాళ్ళని చిన్నబుచ్చకూడదని ముందే అనేస్తారు. ఈ మర్యాద వెనక చెవుడు ఎన్నేళ్ళు దాక్కోగలదో మీరు ఊహించుకోండి. ఆదెమ్మగారికైతే ఊహ అక్కర్లేదు. ఏడేళ్ళుగా ఆయనకి ప్రతి మాటా ఆవిడ అరిచి చెప్పాల్సిందే.

లాప్‌టాప్‌కి కరెంటు ఎక్కడం లేదనీ, అది లేకుండా యంత్రాలు పెట్టలేననీ అందరికీ చెప్పాను. పల్లయ్యగారు "ఆయ్" అని నవ్వారు. ఆదెమ్మగారు ఆయన చెవి దగ్గర అరిచి చెప్పాక ఆ నవ్వు పోయింది. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, ఎవరినీ చూడకుండా వెళ్ళి బడి గేటు దగ్గర నిలబడ్డారు.

ఆదెమ్మగారు నా దగ్గరికొచ్చి కోపం లేకుండానే చెప్పారు. అంతకుముందు వేరేవాళ్ళు రెండుసార్లు వస్తామని రాలేదట. "ఇది మూడోసారండి. ఈసారీ కాదంటే ఆయన మళ్ళీ గడప దాటి రారండి. నేను చెప్పినా రారు."

ఆయన టీ కొట్టుకి వెళ్ళడం మానేశారట. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశారట. నలుగురూ నవ్వుతుంటే తన మీదేనేమో అనుకుంటారట.

మర్నాడు మధ్యాహ్నం నర్సాపురంలో నా రైలు. ఈ లోపల మిగిలింది రేపు పొద్దున్న ఒక్కటే. ఎనిమిదింటికల్లా అందరినీ రమ్మన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

అమలాపురంలో తీర్పు

రాజోల్లో ఒక ఫోన్ల కొట్టతను మీటరు పెట్టి చూశాడు. ఛార్జరు కొస దగ్గర పందొమ్మిది వోల్టులు చూపించింది. ఛార్జరు బాగుంది కాబట్టి రోగం లాప్‌టాప్‌లోనే ఉందనీ, అది తన వల్ల కాదనీ చెప్పి అమలాపురం పంపాడు.

అమలాపురంలో గాజు తలుపుల పెద్ద కొట్టు. యజమాని ముందు నాకు కొబ్బరిబొండాం తెప్పించారు, తరువాత ఏ ఊరని అడిగారు, ఆ తరువాత లాప్‌టాప్ అందుకున్నారు. ఛార్జరు పెట్టి బటను నొక్కారు. ఇంకోసారి నొక్కారు. "బోర్డు పోయిందండి," అన్నారు. ఎంత మెత్తగా అన్నారంటే అది దుర్వార్త అని అర్థం కావడానికి నాకు కాస్త టైము పట్టింది. విజయవాడ పంపాలట, వారం పైనే పడుతుందట. లోపల ఒకసారి విప్పి చూడరా అని అడిగాను. విప్పినా అదే బోర్డు కదండీ అన్నారు.

బస్టాండులో కూర్చుని పనస తొనలు కొనుక్కున్నాను. బాధ కలిగితే తినడం మా ఇంటి అలవాటు. తొనలు తేనెలా ఉన్నాయి. అయినా గేటు దగ్గర నిలబడ్డ ఆ పెద్దాయన వీపే కళ్ళ ముందు ఉంది.

నా పక్కన ఒక రొయ్యల రైతు ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన ఏదో వస్తువుని పసిపిల్లలా పట్టుకుని కూర్చున్నాడు. చెరువులో గాలి కొట్టే యంత్రం తాలూకు బోర్డట. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న గన్నవరంలో నాగలక్ష్మి అని ఒకావిడ ఉందనీ, ఆవిడ దగ్గరికి తీసుకెళ్తున్నాననీ చెప్పాడు. నా కథ అడిగి మొత్తం విన్నాడు.

"బోర్డు పోయిందని ఆవిడ చెప్పేదాకా పోనట్టేనండి," అన్నాడు.

గన్నవరం బస్సు రాగానే ఆయన వెనకే ఎక్కేశాను.

గన్నవరంలో రెండు బల్బులు

కాలవ గట్టున రేకుల షెడ్డు. లోపల నీళ్ళ మోటార్ల స్టార్టర్లు, ఇన్వర్టర్లు, మిక్సీలు, మూత తీసిన ఒక టీవీ. మధ్యలో బల్ల ముందు ముప్ఫై ఐదేళ్ళావిడ, చీర కొంగు నడుముకి బిగించి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి కూర్చుని ఉంది. రైతు ముందు నా పని చూడమన్నాడు. తన చెరువుకి ఇంకో యంత్రం ఉందట, నాకు ఇంకో లాప్‌టాప్ లేదట.

నాగలక్ష్మి లాప్‌టాప్ ముట్టుకోలేదు. "ఎప్పుడు పడిందండీ?" అని అడిగింది.

పడలేదన్నాను. తడిసిందా అంది. లేదన్నాను. ఎవరైనా వైరు లాగేరా అంది. లేదన్నాను. ఆవిడ కళ్ళజోడు కిందకి దించి నన్నే చూస్తూ కూర్చుంది.

నా ముందు కూర్చునే మనుషుల్ని నేను రోజూ అదే చూపు చూస్తాను. ఎన్నాళ్ళుగా వినపడడం లేదంటే మొన్నటి దాకా బాగానే ఉందండీ అంటారు. ఆఫీసు సామాను పాడైతే సంజాయిషీ రాసివ్వాలన్న భయం నాది. కానీ ఆ చూపుకి ఎంతసేపు ఆగగలను? రైల్లో పిన్ను తియ్యకుండా కుక్కడం, బస్సులో పై నుంచి పడడం, అంతా చెప్పేశాను. ఆవిడ "అద్గదీ," అని పని మొదలుపెట్టింది.

ముందు ఛార్జరు. మీటరు పందొమ్మిది చూపించింది. అది చాలదట. బరువు లేనప్పుడు నాసిరకం ఛార్జరు కూడా పందొమ్మిదే చూపిస్తుందనీ, పని చెప్పినప్పుడే దాని సంగతి తెలుస్తుందనీ అంది. ఆటో హెడ్‌లైటు బల్బులు రెండు వరసగా కలిపి ఛార్జరు కొసకి తగిలించింది. రెండూ వెలిగాయి. వైరుని మెడ దగ్గర అటూ ఇటూ వంచింది. వెలుగు రెప్ప వెయ్యలేదు. ఛార్జరుని పక్కన పెట్టేసింది.

తరువాత లాప్‌టాప్ బోర్లించి మరలు తీసింది. తీసిన మరలన్నీ ఏ చోటివి ఆ చోటే ఒక కాగితం మీద గుచ్చింది. మొదట బ్యాటరీ కనెక్షను పీకింది. అప్పుడు ఛార్జరు పెట్టి, మీటరు ముళ్ళు లోపల ఆనించి నన్ను చూడమంది. పిన్ను గుచ్చే సాకెట్టు నోటి దగ్గర పందొమ్మిది. అదే సాకెట్టు నుంచి బోర్డుకి వెళ్ళే వైరు అవతలి కొసన సున్నా.

"వాకిట్లోకి వచ్చిందండి. ఇంట్లోకి రాలేదు," అంది.

సంచి పడినప్పుడు దెబ్బంతా లోపల గుచ్చి ఉన్న పిన్ను మీద పడింది. పిన్ను సాకెట్టుని వెనక్కి తోసింది. సాకెట్టు వెనక ఒక వైరు అతుకు విడిపోయింది. బయటికి ఏమీ కనపడదు. బోర్డుని కూడా మీటరుతో తడిమి చూసి, దానికేం కాలేదని చెప్పింది. నేను స్టూలు మీద కూర్చున్నాను. అప్పటిదాకా నిలబడే ఉన్నానని అప్పుడు తెలిసింది.

పాత లాప్‌టాప్‌ల డబ్బా వెతికి సరిపోయే సాకెట్టు ఒకటి తీసి, వైర్లు అతికి, బిగించింది. బ్యాటరీ పెట్టకుండా బటను కాసేపు నొక్కి పట్టుకుంది, లోపల మిగిలిపోయిన కరెంటు ఉంటే పోతుందని. అన్నీ కలిపి ఛార్జరు ప్లగ్గు గోడకి పెట్టి స్విచ్చి వేసింది.

లైటు వెలగలేదు.

నా మొహం ఎలా అయిపోయిందో గానీ, రైతు గబుక్కున పైకి చూపించాడు. ఫ్యాను ఆగిపోయింది. వీధి మొత్తం కరెంటు పోయింది. ఎక్కడో తీగల మీద కొబ్బరిమట్ట పడిందట, ఇక్కడ అది మామూలేనట. ఇంతసేపూ కరెంటు తీసుకోలేని లాప్‌టాప్‌తో ఏడ్చాను. ఇప్పుడది తీసుకోవడానికి సిద్ధంగా ఉంటే, ఇవ్వడానికి ఊళ్ళో కరెంటు లేదు. రైతూ నేనూ ఒకరినొకరు చూసుకుని పడీపడీ నవ్వాం.

నాగలక్ష్మి నవ్వలేదు. రేపు గుడికి తిరిగివ్వాల్సిన ఇన్వర్టరు ఒకటి మూలన ఉంటే లాక్కొచ్చింది. ఎలాగూ దాన్ని పరీక్షించాలి కదా అంటూ ఛార్జరు దానికి పెట్టింది. గోరంత లైటు పసుపురంగులో వెలిగింది. అయిదు నిమిషాలకి తెర వచ్చింది. ఎనిమిది మంది పేర్లూ వాటి పక్కన వాళ్ళ పరీక్షల్లో వచ్చిన వినికిడి గీతలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

నేను ఇంకొకటి కూడా గమనించాను. మాట్లాడినప్పుడల్లా ఆవిడ ఎడమ చెవే నా వైపు తిప్పుతోంది. కుడి చెవి ఎన్నాళ్ళ నుంచి సరిగా లేదని అడిగాను. ఏం లేదండీ, బాగానే ఉందండీ అంది. ఈసారి నేను చూస్తూ కూర్చున్నాను. చివరికి ఆవిడే నవ్వేసి, నాలుగు నెలల నుంచి అని ఒప్పుకుంది. మర్నాడు పొద్దున్న బడికి రమ్మని గట్టిగా చెప్పి బస్సెక్కాను.

దారిలో బస్సు అక్విడక్టు దాటింది. కింద గోదావరి పాయ, దాని మీద వంతెన కట్టుకుని నిండుగా పోతున్న కాలవ. ఒక బిందె నీళ్ళ కోసం టాంకరు వెనక పరిగెత్తిన వీధిలో పుట్టినదాన్ని, మెడ తిప్పకుండా చూశాను. పక్క సీటావిడ మాత్రం ఆ నీళ్ళకి వీపు పెట్టి బెండకాయలు ఏరుకుంటోంది.

బడిలో ఆదివారం

ఎనిమిదింటికి వెళ్తే ఏడుగురే ఉన్నారు. పల్లయ్యగారు లేరు. ఆదెమ్మగారు ఒక్కరే వచ్చి, ఆయన రానంటున్నారని చెప్పారు. లాప్‌టాప్ తెరిచి లైటు చూపించాను. ఆవిడ దాన్ని ఒకసారి వేలితో ముట్టుకుని, గబగబా ఇంటివైపు వెళ్ళారు. నేను మిగతావాళ్ళతో మొదలుపెట్టాను. నలుగురికి పెట్టడం అయ్యేసరికి గేటు దగ్గర ఆవిడా, ఆవిడ వెనక మొహం పక్కకి పెట్టుకుని ఆయనా కనిపించారు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టున్నారు.

ఆయన చెవుల అచ్చులు సరిగ్గా సరిపోయాయి. యంత్రాలను లాప్‌టాప్‌కి కలిపి, గీత చూసుకుంటూ మెల్లగా శబ్దం పెంచుతూ వచ్చాను. ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, పెంచాలన్న ఆత్రాన్ని ఆపుకోవడం. వినపడుతోందా అని నేను అడగలేదు. అడిగితే ఏమంటారో తెలుసు. ఆయన వెనక్కి వెళ్ళి మామూలు గొంతుతో, "మీరు ఏం పని చేసేవారండీ?" అన్నాను.

ఆయన తల కాస్త పక్కకి వంచారు. తరువాత, "పంటు మీదండి," అన్నారు. "ఇంజను డ్రైవర్నండి. ముప్ఫై ఏళ్ళు."

రేవులో మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పెద్ద పడవని ఇక్కడ పంటు అంటారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఇంజను గదిలో గడిపిన చెవులవి. నాకు జబ్బుకి కారణం దొరికింది. ఆయనకి మాత్రం ఆ సంగతి వినే ధ్యాస లేదు. తన గొంతు తనకే వినపడి, గొంతు మీద చెయ్యి వేసుకుని చూసుకుంటున్నారు.

కిటికీ దగ్గర నిలబడ్డ ఆదెమ్మగారు కొంగుతో మొహం తుడుచుకుంటూ, తనలో తను అనుకున్నట్టు, ఇంక ఇంట్లో ఏదీ గొణుక్కోవడానికి లేదు అన్నారు.

"ఇన్నాళ్ళూ ఏం గొణిగేవు?" అన్నారు పల్లయ్యగారు, అటు తిరక్కుండానే.

బెంచీల మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. కొందరు కొత్త యంత్రాలతో ఆ నవ్వు వినడానికే కాస్త ఆగి, మళ్ళీ నవ్వారు. పల్లయ్యగారు చుట్టూ చూశారు. ఈసారి నవ్వు దేనికో ఆయనకి తెలుసు. ఆయన కూడా నవ్వారు.

పదింటికి నాగలక్ష్మి స్కూటరు మీద వచ్చింది. టార్చి పెట్టి కుడి చెవిలో చూస్తే దారి మొత్తం గులిమితో మూసుకుపోయి ఉంది. నాలుగు నెలలుగా చెవి పోయిందని లోలోపల బెంగపడుతోందట. చుక్కల మందు రాసిచ్చి, మెత్తబడ్డాక డాక్టరు చేత తీయించుకోమన్నాను. అప్పటిదాకా స్క్రూడ్రైవరు దగ్గరికి పోనివ్వొద్దన్నాను. అప్పటికే ఒకసారి పెట్టి చూసిందట.

రేవులో

సఖినేటిపల్లి రేవు నుంచి పంటెక్కి గోదావరి దాటితే అవతల నర్సాపురం. ఆ మధ్యాహ్నం పల్లయ్యగారు, ఆదెమ్మగారు నన్ను రేవు దాకా సాగనంపారు. దారిలో ఆయన అడుగడుగునా ఆగారు. కాకి అరిస్తే ఆగారు, సైకిలు గంటకి ఆగారు. లారీ హారనుకి మాత్రం రెండు చెవులూ మూసుకుని, ఇది ఇంత ఘోరంగా ఉండేదా అని భార్యని అడిగారు. ఆవిడ నాకు ఒక సంచీ ఇచ్చారు. అందులో కొబ్బరి లౌజు, అరటాకులో చుట్టిన పులిహోర ఉన్నాయి. కర్నూలు దాకా సరిపోయేంత పెట్టారు.

పంటు కదలడానికి సిద్ధంగా ఉంది. మోటారు సైకిళ్ళ మధ్య నాకో చోటు దొరికింది. ఇంజను మొదలుపెట్టగానే గట్టు మీద నిలబడ్డ పల్లయ్యగారు చెయ్యెత్తి ఆగమన్నారు. డ్రైవరు ఆయన్ని ఎరిగినవాడే అనుకుంటాను, తాడు విప్పకుండా ఆగాడు. ఆయన చెప్పులు గట్టు మీద వదిలి, పంటు ఎక్కే బల్ల మీదుగా లోపలికొచ్చి, ఇంజను గది తలుపు పట్టుకుని, తల వంచి కళ్ళు మూసుకున్నారు. ఎండలో నిలబడ్డవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. బళ్ళవాళ్ళు కూడా హారన్లు కొట్టలేదు.

అలా ఎంతసేపు విన్నారో చెప్పలేను. తరువాత కళ్ళు తెరిచి, డ్రైవరు భుజం మీద తట్టి, వచ్చిన దారినే గట్టెక్కారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నా వైపు తిరిగారు.

"ఇంజను బాగానే ఉందండి," అన్నారు. "ఇంక ఎల్లండి."